గానుగింటి మొటిమలు

నాగరత్నమ్మకు గర్వం ఎక్కువని కాణిపాకంలో అనని మనిషి లేడు. ఆ మాట చెవిన పడితే ఆమె నొచ్చుకునేది కాదు సరికదా, "ఉండాల్సినోళ్ళకు ఉంటాది లే" అని ఇంకాస్త నిటారుగా కూర్చునేది.

ఆ గర్వానికంతా కారణం నూనె. గుడికి పోయే వీధిలో వాళ్ళకు నూనె కొట్టు ఉంది, ఆ వెనక సందులో గానుగ ఉంది. మామగారి కాలంలో ఎద్దు తిప్పిన గానుగకు కొడుకు గిరిప్రసాద్ కరెంటు మోటారు బిగించాడు కానీ, నువ్వుల్లో పుల్లలు ఏరించేదీ, ఆడేటప్పుడు ఎంత బెల్లం వేయాలో చెప్పేదీ ఇప్పటికీ నాగరత్నమ్మే. చెనిక్కాయ నూనె, అంటే వేరుశనగది, వంటకు. నువ్వుల నుంచి తీసినదాన్ని ఆ వైపు మంచినూనె అంటారు, అది తలకూ దీపానికీ. డబ్బా సరిగ్గా కడగకుండా తెచ్చినవాళ్ళకు ఆమె నూనె పోసేది కాదు. "నీ డబ్బా కంపు నా నూనెకు పట్టించి, రేపు నా నూనె బాగల్యాదంటావు. పో, కడుక్కోని రా" అని ఎంత పెద్దింటి మనిషినైనా వెనక్కి పంపేది. తిట్లు తిన్నవాళ్ళు కూడా కడిగిన డబ్బాతో మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వినాయక చవితి నాడు కాణిపాకంలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కదా. ఆ పొద్దున కొట్టు తెరిచాక, మొదటి బేరం కంటే ముందు, కొత్త నువ్వులు ఆడిన నూనెను ఇత్తడి గిన్నెలో పోసి, ఆ ఇంటి ఆడపిల్లను కొట్టు ముందరి అరుగు మీద కూర్చోబెడతారు. అందరూ చూస్తుండగా ఇంటి పెద్దామె పిల్ల నడినెత్తిన నూనె పెట్టి, నుదుటి మీదుగా చెంపల దాకా మర్దన చేస్తుంది. మా బిడ్డ తలకు పెట్టిందే మీకూ పోస్తున్నామని చెప్పడం అన్నమాట. అది చూసుకున్నాకే జనం డబ్బాలు ముందుకు చాచేవాళ్ళు. కల్తీ లేదని ఏ అధికారి ముద్ర వేసినా దానికి సాటి రాదని నాగరత్నమ్మ నమ్మకం.

తన కూతుళ్ళకు ఆమె అలాగే పెట్టింది. వాళ్ళు అత్తగారిళ్ళకు పోయాక గిరిప్రసాద్ కూతురు ధరణి అరుగెక్కింది, పాలపళ్ళు కూడా ఊడని వయసులో. ఏడాదికేడాది ఆ పిల్ల జడ నడుము దాటి దిగింది. "ఆ జడ నూనె పొయ్యమ్మా" అని అడిగే గిరాకీలు తయారయ్యారు. అలా అడిగినవాళ్ళకు నాగరత్నమ్మ కొలత మీద ఇంకో గరిటె వంచేది.

తొంభై ఎనిమిదిలో ధరణి చిత్తూరులో ఇంటర్ చేరింది. ఆ ఏడాదే నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, సన్నగా గింజల్లాంటివి లేచాయి. "వయసొచ్చింది, మొటిమలు రాకుండా ఉంటాయా" అని నాగరత్నమ్మ ముసిముసిగా నవ్వింది. చలికాలం వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మొటిమలు చెంపల మీదికి దిగాయి, గడ్డానికి పాకాయి. కొన్ని ఎర్రగా వాచి చీము పట్టేవి. కొన్ని చర్మం లోపలే గడ్డ కట్టి, దిండు మీద చెంప ఆనిస్తే సలిపేవి. ఒకటి మానితే మచ్చ మిగిల్చేది, ఆ మచ్చ పక్కనే ఇంకొకటి లేచేది.

పక్కన టెంకాయల కొట్టు తిరుమలమ్మకు ఇదంతా పండగైంది. ఆమెకూ నాగరత్నమ్మకూ ఏళ్ళ తరబడి పడదు. వీధి మీదికి ఎవరి పందిరి ఎంత రావాలన్న దగ్గర మొదలైన తగువు అది, పందిళ్ళు పీకేసినా తగువు మాత్రం నిలిచింది. ఒకరోజు ఎవరో గిరాకీతో ఆమె గట్టిగానే అంది: "నూనెలో పామాయిలు కలిపితే అంతే మరి. కలిపినోళ్ళ బిడ్డ మొగానే బయటపడతాది. సూడండి, మీకే తెలస్తాది."

కల్తీ! నాగరత్నమ్మను ఇంకేమన్నా అనొచ్చు. నోటి దురుసు మనిషి అనొచ్చు, కోడల్ని సాధిస్తుందనొచ్చు, అవి నిజాలే. కానీ నూనెలో కల్తీ అన్న మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మరునాటి నుంచి ఆమె చేసిన పని మాత్రం ఆ ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. మంచినూనె స్వచ్ఛమైనదైతే దానికి మొటిమ తగ్గాలి. తగ్గలేదంటే చాలినంత రుద్దలేదని అర్థం. ఇదీ ఆమె లెక్క. పొద్దున కాలేజీ బస్సుకు ముందు ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకసారి మనవరాలిని కూర్చోబెట్టుకుని తలకూ, నుదుటికీ, చెంపలకూ నూనె పట్టించేది. "మన నూనె మనల్ని కాపాడకుండా పోతాదా మే" అని చెప్పుకుంటూ అరచేయి ఎర్రబడేదాకా రుద్దేది. ప్రేమ లేక చేసింది కాదు. ప్రేమా గర్వమూ కలిసి ఆ అరచేతిలోకి దిగాయి, అంతే.

కనుబొమల మీదికి కారే నూనెను చేతిగుడ్డతో ఒత్తుకుంటూ ధరణి బస్సెక్కేది. మొటిమలు తగ్గకపోగా పూసలు గుచ్చినట్టు వరసలు కట్టాయి.

మొటిమలున్న పిల్ల కనిపిస్తే ప్రతివాళ్ళూ వైద్యులే. ఒంట్లో వేడి చేసిందని ఒకామె అంది. మొగం సరిగ్గా కడగదని ఇంకొకామె. తల్లి నిర్మల శనగపిండి తెచ్చి, మురికి వదలాలని చర్మం మండేలా రుద్దింది. బస్సులో ఎవరో పెద్దామె ధరణి గడ్డం పట్టుకుని, "మగపిల్లోళ్ళని తలుచుకుంటే వస్తాయంట పాపా, దేవుణ్ణి తలుచుకో" అని బస్సంతా వినేలా ఉపదేశం చేసింది. ఎవరు ఏమన్నా ఆఖరికి తేలేది ఒకటే, తప్పు ధరణిది. ఆ పిల్ల కూడా అదే నమ్మింది. కనిపించిన ప్రతి కుళాయి దగ్గరా సబ్బుతో మొగం తోముకునేది. ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి గోళ్ళతో చిదుముకునేది. చున్నీని తల మీదుగా తెచ్చి కళ్ళు మాత్రమే కనిపించేలా చుట్టుకోవడం అలవాటు చేసుకుంది.

వేసవి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచినా ధరణి బస్సెక్కలేదు. గానుగ కొట్టంలో, మూటల వెనక, వెలుతురు పడని మూల కూర్చుని ఉండేది. ఒక సాయంత్రం నాగరత్నమ్మ నూనె గిన్నె పట్టుకుని అక్కడికే పోతే, ఆ పిల్ల గిన్నెను చేత్తో పక్కకు జరిపింది.

"అవ్వా, ఈ తూరి చవితికి నేను అరుగు మీద కూర్చోను."

"ఏంది మే, ఏమంటివి?"

"కూర్చోను. అంతమంది నన్ను సూడకూడదు."

నాగరత్నమ్మ ఆలోచన తిరుమలమ్మ మీదికి పోయింది. ధరణి అరుగెక్కకపోతే తిరుమలమ్మ అన్నదే నిజమని కాణిపాకమంతా అనుకుంటుంది. కల్తీ చేసినవాళ్ళే బిడ్డను దాచుకున్నారంటారు. ఎక్కితే ఈ మొగాన్ని అందరి ముందరా పెట్టాలి. ఎటు చూసినా గానుగ పేరే పోయేటట్టుంది. "కూర్చోకుండా ఎట్ల పోతావో సూస్తా" అని కసిరింది కానీ ఆ కసురులో బలం లేదు.

ఆ మాటలు గిరిప్రసాద్ విన్నాడు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మోటారు ఆపి వచ్చి కూతురి పక్కన మూట మీద కూర్చున్నాడు. అతని రెండు చెంపల నిండా చిన్న చిన్న గుంతలు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుర్తులని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు, అతను కాదనేవాడు కాదు.

"అమ్మా, నాకివి అమ్మవారు పోసి వచ్చినవి కాదు, నీకూ తెలుసు" అన్నాడు తల్లితో. "పదేడేళ్ళప్పుడు మొగం ఎత్తుకోని తిరగలేక సదువు మానుకున్నా. నేను పడింది నా బిడ్డ పడకూడదు. తిరుపతిలో తోలు డాక్టరమ్మ ఉండాదంట. రేపే పోతా ఉండాము."

నాగరత్నమ్మ తానూ వస్తానంది. తెల్లారి చీర మార్చుకుని, సంచిలో గాజు సీసా నిండా మంచినూనె పెట్టుకుని బస్సెక్కింది. సీసా ఎందుకని నిర్మల అడిగితే, "నీకెందుకు, నా పని నాకుండాది" అంది.

డాక్టర్ అమల నడివయసు మనిషి. ధరణిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చున్నీ తీయమంది. ఆ పిల్ల తీయడానికి చాలాసేపు పట్టింది, డాక్టరమ్మ తొందరపెట్టలేదు. భూతద్దంలో నుంచి నుదురూ చెంపలూ గడ్డమూ చూసింది. వేలితో మెల్లగా ఒత్తి, నొప్పి ఎక్కడుందో అడిగింది. భుజాలూ వీపూ కూడా చూసింది. తర్వాత గిరిప్రసాద్ వైపు తిరిగి, "మీకూ ఈ వయసులో బాగా వచ్చాయి కదా?" అని అడిగింది. అతను తల ఊపాడు. "కొన్ని ఇళ్ళలో తరతరానికీ వస్తాయి" అని, "ఇప్పుడు మొహానికి ఏమేం పూస్తున్నారు?" అంది.

ఈ ప్రశ్న కోసమే నాగరత్నమ్మ అంత దూరం వచ్చింది. సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"మా మంచినూనె తల్లీ. గానుగది. పొద్దున, సాయంత్రం నా చేత్తో నేనే రుద్దుతా ఉండాను. దీంట్లో కల్తీ ఉండాదేమో నువ్వే పరీక్ష సేసి సూడు. ల్యాదని ఒక మాట సెప్పు, మా వీధిలో ఒకామెకు నేను జవాబు సెప్పుకోవాల."

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. "ఎంత కమ్మగా ఉందమ్మా! ఇలాంటి నూనె చూసి ఎన్నేళ్ళయిందో" అంది. నాగరత్నమ్మ మొగం చాటంత అయింది. "కానీ పాప మొహానికీ నుదుటికీ ఇది వద్దు. ఈరోజు నుంచే ఆపేయండి. కొన్నాళ్ళు తలకు కూడా వద్దు."

విప్పారిన మొగం అంతా ముడుచుకుపోయింది. "అట్లయితే నా నూనెతోనే వచ్చినాయా?" అని అడిగింది.

"నూనెతో పుట్టలేదు" అని డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. "మన చర్మంలో వెంట్రుకల మొదళ్ళ దగ్గర సన్నని గ్రంథులు ఉంటాయి. చర్మం ఎండిపోకుండా అవి నూనె ఊరిస్తుంటాయి. ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు పెరిగి వాటిని ఎక్కువ పని చేయిస్తాయి. నూనె ఎక్కువ ఊరుతుంది. పైన చచ్చిన చర్మం రంధ్రానికి అడ్డం పడుతుంది. బయటికి దారి లేక నూనె లోపలే నిలిస్తే క్రిములు పెరిగి వాస్తుంది, చీము పడుతుంది. అదే మొటిమ. ఇప్పటికే మూసుకుపోయిన రంధ్రాల మీద మీరు రోజూ నూనె రుద్దుతుంటే అవి ఇంకా మూసుకుపోయాయి. నూనె మంచిదా చెడ్డదా అన్నది కాదమ్మా, అక్కడ దాని పని లేదు."

నాగరత్నమ్మ ఆ మాటల్ని తన పద్ధతిలో ఆడించుకుంది. "అంటే, తోలు లోపల గూడా గానుగలు ఉండాయంటావా?"

"ఉన్నాయనుకోండి. అందరికీ ఉంటాయి."

"మా బిడ్డకు అవి ఎక్కువ ఆడతా ఉండాయి."

"అవును."

"ఆడవా మరి, ఎవురింటి బిడ్డ!" అనేసింది నాగరత్నమ్మ. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. గిరిప్రసాద్ తల వంచుకుని నవ్వాడు. ధరణి పెదవులు కూడా కదిలాయి, చాలా నెలల తర్వాత.

అప్పుడు ఆ పిల్ల మెల్లగా అడిగింది: "డాక్టరమ్మా, నేను మొగం సరిగ్గా కడుక్కోక కాదా?"

"కాదు. నువ్వు కడగడం ఎక్కువైంది, అందుకే అంత మంట. రోజుకు రెండుసార్లు మెల్లగా కడుక్కో, చాలు."

"సెడ్డ ఆలోచనలు సేస్తే..."

"ఎవరమ్మా ఆ మాట అన్నది?" డాక్టరమ్మ గొంతులో కోపం వచ్చింది. "ఇది జబ్బు. చర్మానికి వచ్చే జబ్బు. జ్వరం వస్తే ఎవరినైనా నువ్వు చెడ్డదానివి అంటామా? ఒకరి నుంచి ఒకరికి అంటేది కూడా కాదు. దీనికి మందులున్నాయి. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

ధరణి బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది. నాగరత్నమ్మ కంగారుపడి, "ఏంది తల్లీ, జబ్బని సెప్పి పసిదాన్ని ఏడిపిస్తివే" అని డాక్టరమ్మ మీదికి లేచింది.

"కాదవ్వా" అంది ధరణి వెక్కుతూనే. "జబ్బంట. తప్పు కాదంట."

తిరుగు బస్సులో నాగరత్నమ్మ పక్క వరసలో కూర్చున్న కొడుకు చెంపలే చూస్తూ కూర్చుంది. వాడికి కూడా ఆ వయసులో తన చేత్తోనే నూనె రుద్దింది. వాడు ఏడ్చినా వినలేదు. పాకాల దాటేసరికి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందని చెప్పింది.

అయితే నాగరత్నమ్మ దేన్నయినా సగం సగం చేసే మనిషి కాదు. నిన్నటిదాకా నూనెకు ఎంత కాపలా కాసిందో, ఇప్పుడు మందులకు అంత కాపలా కాసింది. పొద్దున పూసే జెల్, పడుకోబోయే ముందు శనగ గింజంత తీసి పూసే క్రీము, తిన్నాక మింగే మాత్ర, వేళ తప్పకూడదు. నిర్మల శనగపిండి డబ్బా తీస్తే, "దాన్ని బజ్జీలకు పెట్టు, బిడ్డ మొగానికి కాదు" అని లాక్కుంది. ధరణి చెయ్యి గడ్డం వైపు పోతే చాలు, కొట్టులో నుంచే, "చెయ్యి దించు మే, గిల్లితే గుంతలు పడతాయని డాక్టరమ్మ సెప్పింది గదా" అని కేక వేసేది. వీధిలో సగం మంది ఉలిక్కిపడి తమ చేతులు దించుకునేవాళ్ళు.

మొదటి వారాలు గడ్డుగా గడిచాయి. మొగం ఎర్రబడి పొట్టు రాలింది, మొటిమలు ఇంకా పెరిగినట్టే కనిపించాయి. ఇలా అవుతుందని, ఓపిక పట్టమని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా పొట్టు రాలుతున్న ఆ చెంపను చూస్తే నాగరత్నమ్మ చేతులు ఊరుకునేవి కావు. ఒకరోజు నూనె గిన్నె దాకా పోయిన చేతిని తానే వెనక్కి తీసుకుని, ఆ కసి తీర్చుకోవడానికి కొట్టులో ఉన్న డబ్బాలన్నీ తోమింది. తర్వాత తర్వాత కొత్తవి లేవడం తగ్గింది. వాచినవి చప్పబడ్డాయి. ధరణి మళ్ళీ బస్సెక్కింది, మొదట చున్నీతో, ఒకరోజు మరిచిపోయి చున్నీ లేకుండా.

నూనె లేని తల మాత్రం వీధికి కొత్త వింత. "ఏమక్కా, మీ పిల్ల తల పీచు మాదిరి ఉండాదే" అంది తిరుమలమ్మ టెంకాయలు పేరుస్తూ. "మీ నూనె మీద మీకే నమ్మకం పోయినట్టుండాది."

అలాంటి మాటకు పది మాటలు అప్పజెప్పే నాగరత్నమ్మ నోరు విప్పలేదు. ఏం చెబుతుంది? మా బిడ్డకు జబ్బు అని వీధిలో అనడానికి ఆమెకు భయం వేసింది. తోలు జబ్బు అంటే జనం ఏమేమో ఊహించుకుంటారు. ఆ ఇంటి నూనె ముట్టుకుంటారా? డాక్టరమ్మ గదిలో ధైర్యమిచ్చిన మాటే కాణిపాకం వీధిలోకి వచ్చేసరికి బెదిరించింది.

చవితి దగ్గరపడింది. కొత్త నూనె దిగింది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర గిరిప్రసాద్ అన్నాడు: "చిత్తూరు నుంచి చెల్లెలి కూతురు మహితను పిలిపిస్తా. చిన్న పిల్ల. ఈ తూరికి దాని తలకు పెట్టు."

నాగరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అట్లే కానీ నాయనా. అదీ మన బిడ్డే గదా" అంది.

గడప దగ్గర నిలబడ్డ ధరణి ఆ మాట విని లోపలికి వచ్చింది.

"అప్పుడు అరుగెక్కనంటే దాక్కోవాలని అన్నాను అవ్వా. ఇప్పుడు నాకు దాక్కోవాలని ల్యాదు. ఇప్పుడు మీరే దాస్తా ఉండారు."

"నీ తలకు పెట్టకూడదు గదమ్మే. డాక్టరమ్మే సెప్పింది."

"పెట్టొద్దు. అయినా నేను కొట్టు ముందరే ఉంటా. ఎవురన్నా అడిగితే మొటిమల జబ్బని సెప్తా. జబ్బుకు మందు తింటా ఉండాను, దొంగతనం సెయ్యల్యా గదా."

కోడలు మధ్యలో ఏదో అనబోతే నాగరత్నమ్మ చేయెత్తి ఆపింది. మనవరాలినే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల నిలబడ్డ తీరు, గడ్డం ఎత్తిన తీరు ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. లోపల్లోపల మురిసిపోయింది, అది నిజం. కంచం ముందు నుంచి లేస్తూ, "మహితను పిలిపించొద్దు" అంది కొడుకుతో.

"మరి ఎవురి తలకు పెడతావు?"

"అది నాకు ఇడిచిపెట్టు" అంది. ఎవరి తలకు పెట్టాలో ఆమెకూ తెలియదు.

చవితి పొద్దున వాన పడి వెలిసింది. చిత్తూరు నుంచి బస్సు వెనక బస్సు వచ్చి జనాన్ని దింపుతున్నాయి. గరికా ఉండ్రాళ్ళూ పట్టుకున్నవాళ్ళు, దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళు, ఏటేటా చవితికే ఏడాది సరిపడా నూనె పట్టుకుపోయేవాళ్ళు కొట్టు ముందర పోగయ్యారు. తిరుమలమ్మ తన బేరం వదిలేసి మరీ వచ్చి ముందు వరసలో నిలబడింది. ఇత్తడి గిన్నెలో కొత్త నూనె లేత బంగారు రంగులో ఉంది.

ధరణి లోపలి నుంచి వచ్చి అరుగు మీద నిలబడింది. చున్నీ భుజాల మీదే ఉంది. తలస్నానం చేసిన జుట్టును నుదురంతా కనిపించేలా వెనక్కి లాగి ముడి వేసుకుంది. చెంపల మీద గోధుమ రంగు మచ్చలు, గడ్డం దగ్గర ఇంకా తగ్గని ఎర్రటివి కొన్ని. అన్నీ ఎండలోనే ఉన్నాయి.

"పాపను కూర్చోబెట్టమ్మా, పొద్దెక్కతా ఉండాది" అన్నారెవరో.

"ఈ తూరి ఆయమ్మి తలకు పెట్టరులే" అంది తిరుమలమ్మ. "పెట్టిందానికే మొగం అట్లయింది. సూస్తా ఉండారు గదా."

గుంపులో గుసగుసలు రేగాయి. గిరిప్రసాద్ ముందుకు వచ్చాడు. నాగరత్నమ్మ కొడుకును వెనక్కి పొమ్మని, గిన్నె చేతిలోకి తీసుకుని అరుగు అంచుకు వచ్చింది.

"నిజమే తిరుమలమ్మా, పెట్టను. అందరూ ఇనండి. ఇది నా మనవరాలు ధరణి. దీనికి మొటిమల జబ్బు. తోలుకొచ్చే జబ్బు. మురికితో వచ్చేది కాదు, పాపంతో వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. తిరుపతిలో డాక్టరమ్మ మందిస్తా ఉండాది, తగ్గతా ఉండాది. మా నూనె తినేదానికి మంచిది, దీపానికి మంచిది. మొటిమలున్న మొగానికి పనికిరాదు. ఆ సంగతి తెలియక, గొప్పకు పోయి, ఈ చేత్తో రుద్ది రుద్ది జబ్బు పెంచింది నేను. ఇంగ రుద్దను."

నాగరత్నమ్మ తన తప్పు తానే చెప్పుకోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. తిరుమలమ్మ ముందు వరస నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు, పాత గిరాకీ. "అది సరేనమ్మా. ఎవురి తలకూ పెట్టకుండా ఎట్ల కొనేది? అది మీ ఆనవాయితే గదా."

నాగరత్నమ్మ గిన్నెలోకి చూసింది, గుంపులోకి చూసింది. అప్పుడు ధరణి వచ్చి ఆమె చేతిలో నుంచి గిన్నె తీసుకుంది.

"కూర్చో అవ్వా."

"నేనా? సిన్నపిల్లకు పెట్టేది గదమ్మే."

"కూర్చో."

ఆ గొంతుకు ఎదురు చెప్పడం కుదరదని నాగరత్నమ్మకు తెలుసు, అది తన గొంతే. అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అంతమంది చూస్తుండగా ఆ పిల్ల అవ్వ తెల్లటి ముడి విప్పి, నడినెత్తిన నూనె వంచి, నుదుటి మీదుగా ముడతలు పడ్డ చెంపల దాకా రెండు చేతులా మర్దన చేసింది. ఎండంతా ధరణి మొగం మీదే ఉంది. ఆ పిల్ల తల దించలేదు. నాగరత్నమ్మకు కళ్ళు నిండాయి, నూనె పోయి మండుతున్నాయని అనుకోమని అలాగే మూసుకుంది. ఇంత గర్వం ఆమెకు గానుగ మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

డబ్బాలు కదిలిన చప్పుడైంది. అందరికంటే ముందు అరుగు దగ్గరికి వచ్చినామె చేతిలో మాత్రం డబ్బా లేదు. ఆమె తన వెనక నుంచి ఒక పిల్లను ముందుకు లాగింది. ధరణి వయసు పిల్ల, చున్నీ కళ్ళ దాకా చుట్టుకుని ఉంది.

"పాపా" అని ఆమె మెల్లగా, చుట్టూ చూసుకుంటూ అడిగింది. "ఆ డాక్టరమ్మ తిరుపతిలో యాడుంటాదమ్మా?"

ధరణి ఆమె చెవి దగ్గరికి వంగబోయింది.

"గట్టిగా సెప్పు మే" అంది నాగరత్నమ్మ, మూసిన కళ్ళు తెరవకుండానే. "వెనకాలోళ్ళకు గూడా వినపడాల."

ధరణి నిటారుగా నిలబడి గట్టిగా చెప్పింది.